ఒకే కోడ్‌పై వేల మంది పని.. ఎవరు ఏం మార్చారో ఎలా తెలుస్తుంది? గిట్ 'రెపో'లో డిలీట్ కొట్టినా పోని లెక్క ఇదీ!

అది 2003 నవంబర్. లైనక్స్ కెర్నల్ కోడ్‌లో కొత్తగా రెండు లైన్లు కనిపించాయి. చూడ్డానికి ఏదో చిన్న పొరపాటును సరిచేసినట్టే ఉన్నాయి. కానీ యూజర్ నంబర్ సున్నానా కాదా అని పోల్చి చూడాల్సిన చోట రెండు సమాన గుర్తులకు (==) బదులు ఒకటే (=) ఉంది.

తేడా ఒక్క గుర్తే. కానీ సీ లాంగ్వేజ్‌లో రెండు గుర్తులు పెడితే 'ఇది సమానమేనా?' అని అడిగినట్టు. ఒకటే పెడితే 'దీన్ని సమానం చేసెయ్' అని ఆర్డర్ వేసినట్టు. ఇక సున్నా నంబర్ అంటే మామూలు యూజర్ కాదు, సిస్టమ్ మొత్తం మీద పెత్తనం ఉండే 'రూట్' యూజర్. ఆ రెండు లైన్లు గనక అసలు కోడ్‌లోకి వెళ్లిపోయి ఉంటే, ఆ మెషీన్‌లో చిన్న అకౌంట్ ఉండి, ఈ కిటుకు తెలిసిన వాళ్లెవరైనా క్షణాల్లో దానికి యజమాని అయిపోయేవాళ్లు.

మరి ఎలా దొరికింది? అప్పట్లో లైనక్స్ అసలు కోడ్ 'బిట్‌కీపర్' అనే సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. అది వాడటం ఇష్టం లేనివాళ్ల కోసం అదే కోడ్ కాపీని 'సీవీఎస్' అనే మరో సిస్టమ్‌లో పెట్టేవాళ్లు. ఈ రెండు లైన్లు కాపీలో మాత్రమే ఉన్నాయి. అసలు దాంట్లో ఎవరు పంపారు, ఎవరు ఓకే చేశారు అనే రికార్డే లేదు. రెండింటినీ పోల్చి చూసినప్పుడు లెక్క తేడా కొట్టింది. ఎవరో కోడ్ మొత్తం చదివి తప్పు పట్టుకోవడం వల్ల కాదు, లెక్క సరిపోకపోవడం వల్ల గుట్టు బయటపడింది. ఆ పని చేసింది ఎవరన్నది మాత్రం తేలలేదు.

మీ ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్ వెనక ఇలాంటి ఒక లెక్క పుస్తకం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని 'రిపోజిటరీ' అంటారు, ముద్దుగా 'రెపో'. బీటెక్ ప్రాజెక్ట్ నుంచి బ్యాంకింగ్ యాప్ దాకా ఇప్పుడు పని అంతా దీని మీదే నడుస్తోంది. అయితే చాలామంది కొత్తవాళ్లు దీన్ని గూగుల్ డ్రైవ్ లాంటి స్టోరేజ్ అనుకుంటారు. అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

రెపో అంటే ఫోల్డరేనా?

పైకి చూస్తే ఫోల్డరే. లోపల ఫైళ్లే ఉంటాయి. కానీ ఆ ఫైళ్లతో పాటు మొదటి రోజు నుంచి జరిగిన ప్రతి మార్పు చరిత్ర కూడా అందులోనే ఉంటుంది. ఒక మార్పును రికార్డ్ చేయడాన్ని 'కమిట్' అంటారు. ఏ లైన్ పోయింది, ఏ లైన్ వచ్చింది, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు.. ఇవన్నీ కమిట్‌లో ఉంటాయి.

కిరాణా కొట్టు చిట్టా గుర్తుందా? పాత బాకీ తీరినా ఆ పేజీని షావుకారు చింపెయ్యడు. కింద కొత్త పద్దు రాస్తాడు, అంతే. రెపో కూడా అంతే. నిన్న రాసిన కోడ్ తప్పని తేలితే దాన్ని వెనక్కి తీసుకునేందుకు ఇవాళ ఇంకో కమిట్ పడుతుంది. నిన్నటిది ఎక్కడికీ పోదు.

గిట్‌లో ఇంకో గట్టి ఏర్పాటు ఉంది. ప్రతి కమిట్‌కు 40 అక్షరాల వేలిముద్ర లాంటి కోడ్ తయారవుతుంది. దాన్ని 'హ్యాష్' అంటారు. ఈ హ్యాష్ లెక్కలో అంతకు ముందరి కమిట్ హ్యాష్ కూడా కలిసి ఉంటుంది. అంటే ఐదేళ్ల కిందటి కమిట్‌లో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా దాని హ్యాష్ మారిపోతుంది. దాని తర్వాత వచ్చిన వాటన్నిటి హ్యాష్‌లూ మారిపోతాయి. మిగతావాళ్ల దగ్గరున్న కాపీలతో పోల్చగానే దొంగతనం తెలిసిపోతుంది. 2011 ఆగస్టులో లైనక్స్ కెర్నల్ వెబ్‌సైట్ సర్వర్లలోకి హ్యాకర్లు చొరబడ్డారు. అప్పుడు నిర్వాహకులు కోడ్ విషయంలో అంత ధైర్యంగా ఉండగలిగింది ఈ ఏర్పాటు వల్లే. వేల మంది డెవలపర్ల కంప్యూటర్లలో అదే చరిత్ర, అవే వేలిముద్రలు ఉన్నాయి మరి.

ఇంతకూ గిట్, గిట్‌హబ్ ఒకటేనా? కాదు. గిట్ అనేది మీ కంప్యూటర్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్. గిట్‌హబ్ అనేది ఆ రెపోలను ఆన్‌లైన్‌లో ఉంచే కంపెనీ. గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ కూడా అలాంటివే. 2014 డిసెంబర్‌లో ఉగ్రవాద కంటెంట్ పేరుతో ఇండియాలో 32 వెబ్‌సైట్లను బ్లాక్ చేశారు. ఆ లిస్టులో గిట్‌హబ్ కూడా ఉంది. తర్వాత తెరిచారనుకోండి. ఆ సమయంలో సైట్ తెరుచుకోకపోయినా, క్లోన్ చేసుకున్న వాళ్ల ల్యాప్‌టాప్‌లలో కోడ్, దాని చరిత్ర భద్రంగానే ఉన్నాయి.

నాలుగు రోజుల్లో నిలబడిన టూల్

కోడ్ మార్పుల లెక్క రాసుకోవడం కొత్తేమీ కాదు. 1972లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 'ఎస్‌సీసీఎస్' అనే టూల్ తయారైంది. తర్వాత ఆర్‌సీఎస్, సీవీఎస్, 2000లో సబ్‌వర్షన్ వచ్చాయి. సీవీఎస్, సబ్‌వర్షన్‌లలో చరిత్ర మొత్తం ఒకే సర్వర్‌లో ఉండేది. మీ దగ్గర తాజా ఫైళ్లు మాత్రమే ఉంటాయి. సర్వర్ పడిపోతే పని ఆగిపోతుంది. హార్డ్ డిస్క్ పోయి, బ్యాకప్ కూడా లేకపోతే అంతే సంగతులు.

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు సీవీఎస్ అంటే అస్సలు పడదు. 2002 వరకు ఆయన ఈమెయిల్‌లో వచ్చిన ప్యాచ్‌లను తన దగ్గరే కలుపుకుంటూ వచ్చారు. ఆ ఏడాది ల్యారీ మెక్‌వాయ్ కంపెనీ తయారుచేసిన బిట్‌కీపర్‌కు మారారు. అది ప్రైవేట్ సాఫ్ట్‌వేర్. లైనక్స్ వాళ్లకు ఉచితంగా ఇచ్చారు కానీ షరతులు ఉన్నాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కు తాళం వేసిన సాఫ్ట్‌వేర్ ఏంటని అప్పుడే చాలామంది గొణిగారు.

2005లో గొడవ ముదిరింది. సాంబా సాఫ్ట్‌వేర్ రాసిన ఆస్ట్రేలియా డెవలపర్ ఆండ్రూ ట్రిడ్జెల్, బిట్‌కీపర్ సర్వర్‌తో మాట్లాడగలిగే ఉచిత టూల్ ఒకటి రాశారు. ఇది రివర్స్ ఇంజినీరింగ్ అంటూ కంపెనీ ఉచిత లైసెన్స్‌ను ఎత్తేసింది. ఇంతకీ ఆయన చేసిన ఆ 'ఘోరం' ఏంటంటే.. సర్వర్‌కు కనెక్ట్ అయి 'హెల్ప్' అని టైప్ చేయడం. సర్వరే తన కమాండ్ల లిస్ట్ ఇచ్చేసింది. ఈ విషయాన్ని ఆయన అదే ఏప్రిల్‌లో కాన్‌బెర్రాలో జరిగిన లైనక్స్ కాన్ఫరెన్స్ స్టేజ్ మీదే చేసి చూపించారు.

టూల్ లేకుండా పోయిన టోర్వాల్డ్స్ కెర్నల్ పని పక్కన పెట్టి, 2005 ఏప్రిల్ 3న కొత్తది రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన సొంత కోడ్‌ను తానే రికార్డ్ చేసుకునే స్థితికి వచ్చింది. ఏప్రిల్ 16న లైనక్స్ కెర్నల్ కోడ్ గిట్‌లోకి ఎక్కింది. జులైలో ఆయన ఆ బాధ్యతను జూనియో హమానోకు అప్పగించారు. అప్పటి నుంచి గిట్‌ను ఆయనే చూసుకుంటున్నారు. ఇక ఆ పేరు గురించి.. బ్రిటన్ వాడుక భాషలో 'గిట్' అంటే చిరాకు పుట్టించే మనిషి అని తిట్టు. తన ప్రాజెక్టులన్నిటికీ తన పేరే పెట్టుకుంటానని టోర్వాల్డ్స్ తన మీదే జోక్ వేసుకున్నారు.

గిట్‌లో అసలు మార్పు ఏంటంటే, కోడ్ 'క్లోన్' చేసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. నెట్ లేకపోయినా కమిట్ చేయొచ్చు, పాతవి వెతకొచ్చు. లైనక్స్ ఒక్కో వెర్షన్ 9 నుంచి 10 వారాలకు ఒకటి చొప్పున వస్తుంది. ఒక్కో దాంట్లో పది వేలకు పైగా మార్పులు, రెండు వేల మంది దాకా డెవలపర్లు ఉండటం మామూలే. వీళ్లలో చాలామంది ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసి ఉండరు.

తర్వాతి కథ తెలిసిందే. 2008లో గిట్‌హబ్ మొదలైంది. 2018 జూన్‌లో దాన్ని 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ డీల్ కుదిర్చింది మన హైదరాబాదీ సీఈఓ సత్య నాదెళ్ల. అంతకు ఏడాది ముందే విండోస్ కోడ్ మొత్తాన్ని మైక్రోసాఫ్ట్ ఒకే గిట్ రెపోలోకి మార్చింది. దాని సైజు 300 జీబీ, ఫైళ్లు 35 లక్షలు, పనిచేసే ఇంజినీర్లు సుమారు 4 వేలు. అంత బరువు గిట్ మోయలేక చతికిలపడింది. దాంతో అవసరమైన ఫైళ్లను మాత్రమే అప్పటికప్పుడు తెచ్చుకునే ప్రత్యేక ఏర్పాటును కంపెనీయే రాసుకోవాల్సి వచ్చింది.

ఆఫీసులో రోజూ జరిగేది ఇదే

హైటెక్ సిటీలో ఏ టీమ్‌లో చూసినా పని దాదాపు ఇలాగే సాగుతుంది. ముందు రెపోను క్లోన్ చేసుకుంటారు. మెయిన్ కోడ్‌ను నేరుగా ముట్టుకోకుండా తన పని కోసం ఒక 'బ్రాంచ్' తీసుకుంటారు. అందులో మార్పులు చేసి, కమిట్ చేసి, సర్వర్‌కు 'పుష్' చేస్తారు. ఆ తర్వాత 'నా మార్పులు చూసి మెయిన్‌లో కలపండి' అని పుల్ రిక్వెస్ట్ పెడతారు. ఇంకొకరు చదివి, ప్రశ్నలు వేసి, సరే అంటే 'మెర్జ్' అవుతుంది. లైనక్స్ కెర్నల్‌లో మాత్రం ఇప్పటికీ ఈమెయిల్‌లోనే ప్యాచ్‌లు పంపుతారు, రివ్యూ కూడా అక్కడే. టూల్ వేరైనా పద్ధతి ఒకటే. ఇంకొకరి కన్ను పడకుండా కోడ్ లోపలికి వెళ్లకూడదు.

మరి ఇద్దరూ ఒకే లైన్ మారిస్తే? బస్ టికెట్ల యాప్ ఒకటి ఉందనుకుందాం. అందులో సర్వీస్ చార్జి 20 రూపాయలు. ఒక డెవలపర్ తన బ్రాంచ్‌లో దాన్ని 25 చేశారు. విశాఖ నుంచి పనిచేసే ఇంకొకరు 30 చేశారు. మొదటిది మెర్జ్ అయిపోయింది. రెండోది కలపబోతే గిట్ ఆగిపోతుంది. 'కాన్‌ఫ్లిక్ట్' అంటుంది. రెండు అంకెలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, మధ్యలో గుర్తులు పెట్టి చూపిస్తుంది. ఏది కరెక్టో అది చెప్పదు. ఎందుకంటే దానికి తెలియదు. ఫ్రెషర్లు ఇక్కడే కంగారుపడి తమది ఉంచేసి అవతలివాళ్లది తీసేస్తారు. ఆ లైన్ మార్చిన వాళ్లకు ఒక్క ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

నిజానికి కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే అదృష్టమే. కనీసం గొడవ ఉందని తెలుస్తుంది. అసలు ప్రమాదం గొడవ కనిపించని మెర్జ్‌తో. ఒకరు ఒక ఫంక్షన్ పేరు మార్చారు. అదే సమయంలో ఇంకొకరు వేరే ఫైల్‌లో పాత పేరుతో ఆ ఫంక్షన్‌ను కొత్తగా వాడారు. రెండూ వేర్వేరు లైన్లు కాబట్టి గిట్ సంతోషంగా కలిపేస్తుంది. ఎర్ర గీత లేదు, వార్నింగ్ లేదు. యాప్ మాత్రం ఆగిపోతుంది. గిట్ లైన్లను పోలుస్తుంది, అర్థాన్ని కాదు. మంచి టీమ్‌లు మెర్జ్‌కు ముందు ప్రతిసారీ ఆటోమేటిక్ టెస్టులు నడపడం అందుకే. బ్రాంచ్‌ను వారాల తరబడి సాగదీయకుండా రోజుకో రెండు రోజులకో కలిపేయమని సీనియర్లు పోరు పెట్టేదీ అందుకే.

ఇంకో పెద్ద తలనొప్పి 'ఫోర్స్ పుష్'. మీరు పుష్ కొడితే 'మీకన్నా ముందు ఎవరో కొత్త కమిట్లు పెట్టారు, అవి తెచ్చుకుని రండి' అని సర్వర్ వెనక్కి పంపుతుంది. ఇది తప్పు మెసేజ్ కాదు, కాపలా. కానీ నెట్‌లో వెతికితే దొరికే మొదటి చిట్కా 'ఫోర్స్ పెట్టు' అనే. పెడితే పని అయిపోతుంది, నిజమే. పక్కవాళ్ల రెండు రోజుల పని సర్వర్ మీద నుంచి మాయమైపోతుంది. అయితే ఆ కమిట్లు చేసినవాళ్ల కంప్యూటర్‌లో సాధారణంగా ఇంకా ఉంటాయి. 'రెఫ్‌లాగ్' అనే కమాండ్‌తో వెతికి తెచ్చుకోవచ్చు. ఏ దారీ లేకుండా వదిలేసిన కమిట్ల గుర్తులను గిట్ మామూలుగా 30 రోజులు దాచి ఉంచుతుంది. మెయిన్ బ్రాంచ్ మీద ఎవరూ ఫోర్స్ పుష్ చేయకుండా గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో లాక్ వేసుకోవచ్చు. ప్రాజెక్ట్ మొదలైన రోజే చేయాల్సిన పని ఇది. గోల జరిగాక గుర్తొస్తుంది చాలామందికి.

కమిట్ మెసేజ్‌ల సంగతి సరేసరి. 'అప్‌డేట్', 'ఫిక్స్', 'చేంజెస్', 'ఫైనల్', 'ఫైనల్ 2'.. ఆరు నెలల తర్వాత వీటితో ఏం తెలుస్తుంది? గిట్‌లో 'బైసెక్ట్' అనే కమాండ్ ఉంది. వెయ్యి కమిట్ల కిందట యాప్ బాగుంది, ఇవాళ పాడైంది అనుకోండి. మధ్యలో దాన్ని తీసి పరీక్షిస్తారు. బాగుంటే తప్పు తర్వాతి సగంలో, లేకపోతే ముందు సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే పది పరీక్షల్లోనే తప్పు చేసిన కమిట్ దొరుకుతుంది. కానీ ఆ కమిట్‌లో ఒకేసారి 60 ఫైళ్లు మార్చి 'అప్‌డేట్' అని రాసి ఉంటే, దొరికినా దొరకనట్టే.

డిలీట్ కొట్టినా పోదు

రెపోను స్టోరేజ్ అనుకోవడం వల్ల జరిగే అతి ఖరీదైన తప్పు ఇది. క్లౌడ్ సర్వర్ తాళంచెవి, డేటాబేస్ పాస్‌వర్డ్ లాంటివి కోడ్‌లోనే రాసేసి పుష్ చేస్తారు. తర్వాత గుర్తొచ్చి ఆ లైన్ తీసేసి మళ్లీ కమిట్ చేస్తారు. తాజా ఫైల్‌లో కనిపించదు కాబట్టి హమ్మయ్య అనుకుంటారు. కానీ పాత కమిట్‌లో అది అలాగే ఉంది. రెపోను క్లోన్ చేసుకున్న ఎవరైనా ఒక్క కమాండ్‌తో చూడొచ్చు. పబ్లిక్ రెపోలను ఇలాంటి తాళాల కోసమే జల్లెడ పట్టే బాట్లు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి.

ప్రైవేట్ రెపోలో పెట్టాం కదా అనడం కూడా చెల్లదు. 2016లో ఊబర్‌కు జరిగింది ఇదే. ఇంజినీర్లు వాడే ప్రైవేట్ గిట్‌హబ్ రెపోలోకి హ్యాకర్లు ప్రవేశించారు. అక్కడ దొరికిన అమెజాన్ క్లౌడ్ తాళాలతో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు ఎత్తుకెళ్లారు. కంపెనీ వాళ్లకు లక్ష డాలర్లు ఇచ్చి విషయాన్ని ఏడాది పాటు దాచిపెట్టింది. 2017 నవంబర్‌లో బయటపెట్టింది. తర్వాత అమెరికా రాష్ట్రాలకు 14.8 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. అప్పటి సెక్యూరిటీ చీఫ్‌ను 2022లో కోర్టు దోషిగా తేల్చింది.

టయోటా కథ ఇంకో రకం. కార్లను ఫోన్‌తో కలిపే 'టీ-కనెక్ట్' సర్వీస్ వెబ్‌సైట్ కోడ్‌లో కొంత భాగాన్ని ఒక సబ్ కాంట్రాక్టర్ 2017 డిసెంబర్‌లో గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టేశారు. అందులో డేటా సర్వర్ తాళంచెవి ఉంది. 2022 సెప్టెంబర్ దాకా, అంటే దాదాపు ఐదేళ్లు ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిల్ ఐడీలు బయటకు పోయి ఉండొచ్చని కంపెనీ ప్రకటించి క్షమాపణ చెప్పింది.

పొరపాటున తాళం పుష్ అయితే చేయాల్సిన మొదటి పని రెపో శుభ్రం చేయడం కాదు. ఆ తాళాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. ముందు అది, మిగతావన్నీ తర్వాతే. 'ఫిల్టర్ రెపో' లాంటి టూల్స్‌తో చరిత్రను తిరగరాయొచ్చు కానీ, అప్పటికే క్లోన్ చేసుకున్న వాళ్ల దగ్గర, ఫోర్క్‌లలో పాతదే ఉంటుంది. 'గిట్ ఇగ్నోర్' ఫైల్‌లో పేరు రాస్తే చాలనుకోవడం కూడా అపోహే. ఒకసారి రికార్డ్‌లోకి ఎక్కిన ఫైల్‌ను గిట్ ఇగ్నోర్ ఆపలేదు. పబ్లిక్ రెపోల్లో తనకు తెలిసిన రకం తాళాలు కనిపిస్తే పుష్ దగ్గరే అడ్డుకునే ఏర్పాటును గిట్‌హబ్ 2024లో అందరికీ ఆన్ చేసింది. అయితే మీరు సొంతంగా పెట్టుకున్న డేటాబేస్ పాస్‌వర్డ్‌ను అది గుర్తుపడుతుందన్న గ్యారంటీ లేదు.

యూట్యూబ్ లైవ్‌లో రికవరీ

అన్నీ పోకుండా ఉంటాయా అంటే, అదీ కాదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పాడైన డేటాబేస్ కాపీని తుడిచేయబోయారు. కానీ కమాండ్ నడిచింది అసలు సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే ఒక్కోటీ ఒక్కో కారణంతో చేతులెత్తేసింది. రోజూ తీయాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల చాలా కాలంగా ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే ఈమెయిల్స్ కూడా చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి దొరికింది.

ఆ కంపెనీ ఏమీ దాచలేదు. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. వేల మంది అది చూస్తూ కూర్చున్నారు. ఆరు గంటల్లో చేరిన కామెంట్లు, కొత్త అకౌంట్లు, ప్రాజెక్ట్ వివరాలు పోయాయి. గిట్ రెపోల్లోని కోడ్ మాత్రం పోలేదు, అది వేరే చోట ఉంది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. క్లోన్ చేసుకుంటే మీ దగ్గరకు వచ్చేది కోడ్, దాని చరిత్ర. పుల్ రిక్వెస్ట్ కింద జరిగిన చర్చ, బగ్ రిపోర్టులు రావు. అవి ఆ వెబ్‌సైట్ డేటాబేస్‌లోనే ఉంటాయి. 'ఎందుకిలా రాశాం' అన్న ముఖ్యమైన మాట కామెంట్‌లో కాకుండా కమిట్ మెసేజ్‌లో ఉండాలనే పాతకాలం డెవలపర్ల పట్టుదలకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

తాళం ఎవరి చేతిలో ఉంది?

లెక్క ఎంత గట్టిగా ఉన్నా రాసే చేతిని నమ్మాల్సిందే. 2024 మార్చి 29న బయటపడ్డ 'ఎక్స్‌జెడ్' వ్యవహారం దీనికి ఉదాహరణ. ఫైళ్లను కుదించే ఈ చిన్న టూల్ దాదాపు ప్రతి లైనక్స్ సిస్టమ్‌లో ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఒంటరిగా చూసుకుంటున్న డెవలపర్ అలసిపోయి ఉన్న సమయంలో 'జియా టాన్' పేరుతో ఒకరు వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపారు. కొత్త మనిషికి బాధ్యత ఇవ్వాలంటూ వేరే అకౌంట్ల నుంచి ఒత్తిడి వచ్చింది. చివరికి తాళం చేతికి వచ్చింది. ఆ తర్వాత 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి పెట్టేశారు.

దాన్ని పట్టుకున్నది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని ఆరా తీస్తే గుట్టు రట్టయింది. ఇంకో విషయం చూడండి. దొంగ కోడ్‌ను రెపోలో టెస్ట్ ఫైళ్ల పేరుతో దాచారు. కానీ దాన్ని మేల్కొలిపే స్క్రిప్ట్ రెపోలో లేదు. డౌన్‌లోడ్ కోసం విడిగా ఇచ్చే ప్యాకేజీలో మాత్రమే పెట్టారు. రెపోలో పెడితే ఎవరైనా చూస్తారని తెలుసు కదా! 2003లో లాగే ఇక్కడా అసలుకు, కాపీకి తేడా ఉంది. ఈసారి ఎవరూ పోల్చి చూడలేదు.

వీడియో చూసి పుల్ రిక్వెస్ట్.. పరువు పోతోంది!

ఇప్పుడు క్యాంపస్ ఇంటర్వ్యూల్లో గిట్‌హబ్ లింక్ అడగడం మామూలైంది. దాంతో ప్రొఫైల్‌లో ఆకుపచ్చ గడులు నింపుకోవడం ఒక పిచ్చిలా మారింది. 2020 అక్టోబర్‌లో డిజిటల్ ఓషన్ కంపెనీ నిర్వహించే 'హ్యాక్టోబర్‌ఫెస్ట్'లో నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్ట్ ఇస్తామన్నారు. ఎలా పెట్టాలో ఒక ఇండియన్ యూట్యూబ్ చానెల్ వీడియో చేసింది. ఇంకేముంది, ప్రాజెక్టుల రీడ్‌మీ ఫైళ్లలో ఒకటి రెండు పొగడ్త పదాలు చేర్చిన రిక్వెస్టులు వెల్లువెత్తాయి. నిర్వాహకులు మూడు రోజుల్లోనే రూల్స్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు.

2024లో మళ్లీ అదే సీన్. వారానికి కోట్లలో డౌన్‌లోడ్ అయ్యే 'ఎక్స్‌ప్రెస్' రెపోను ఒక ట్యుటోరియల్‌లో ఉదాహరణగా చూపించారు. చూసినవాళ్లు తమ పేరు చేర్చి నిజంగానే పుల్ రిక్వెస్ట్ పంపేశారు. కుప్పలుతెప్పలుగా వచ్చిన వాటిని ఒక్కొక్కటిగా మూసేయడం ఆ ప్రాజెక్ట్ చూసేవాళ్ల పనైపోయింది. వాళ్లలో చాలామంది జీతం లేకుండా పనిచేసేవాళ్లు. వాటి మధ్య ఎవరైనా మన విద్యార్థి నిజమైన బగ్ సరిచేసి పంపినా, పేరు చూసి 'ఇదీ అదేనేమో' అనుకునే పరిస్థితి వచ్చింది. ఇది మాత్రం అన్యాయమే.

నేర్చుకోవడానికి వేరే దారి లేదా అంటే, ఉంది. 'ఫస్ట్ కాంట్రిబ్యూషన్స్' పేరుతో ప్రాక్టీస్ కోసమే పెట్టిన రెపో గిట్‌హబ్‌లో ఉంది. పేరు చేర్చాలన్నా, పుల్ రిక్వెస్ట్ పంపాలన్నా అక్కడ ఎవరూ కాదనరు. క్లాస్‌లో నలుగురు కలిసి చేసే మినీ ప్రాజెక్ట్ అంతకన్నా మంచిది. కోడ్ జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకోవడం మానేసి, మెయిన్ బ్రాంచ్ లాక్ చేసి, ఒకరి కోడ్ ఇంకొకరు చదివాకే మెర్జ్ చేయండి. ఇంటర్వ్యూలో లింక్ తెరిచే సీనియర్ చూసేది గడుల రంగు కాదు. కమిట్ మెసేజ్‌లు, రివ్యూలో అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు చూస్తారు.

నిజమైన ప్రాజెక్ట్‌కు పంపాలనుకుంటే ముందు ఆ రెపోలో 'కాంట్రిబ్యూటింగ్' ఫైల్ చదవండి. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో మీకు ఎదురైన తప్పునే ఎంచుకోండి. తొందరపడి పంపాక వెనక్కి తీసుకుందామంటే కుదరదు. పుల్ రిక్వెస్ట్‌ను మూసేయొచ్చు కానీ, పంపినవాళ్లకు దాన్ని డిలీట్ చేసే బటన్ గిట్‌హబ్ ఇవ్వలేదు. అది మీ యూజర్ నేమ్‌తో సహా ఆ ప్రాజెక్ట్ పేజీలో 'క్లోజ్డ్' లిస్ట్‌లో కనిపిస్తూనే ఉంటుంది.